హెరిక్ పాయింట్ పీతలు

మే 4

పిపోకా,

నీ పసుపు పుస్తకం దొరికింది. కారు సీటు కింద ఇరుక్కుని ఉందట. తుక్కు కార్ల షెడ్డు అతను పదకొండు నెలల తరవాత ఫోన్ చేసి, అమ్మా మీదేదో పుస్తకం ఉంది, పారెయ్యనా ఉంచనా అన్నాడు. ఉంచు నాయనా, వస్తున్నా అన్నాను. బస్సెక్కి వెళ్ళి తెచ్చుకున్నాను.

తడిసినా పాడవని కాగితాలని నువ్వు చెప్పేదానివి. నిజమే. ఒక రాత్రంతా ఉప్పునీళ్ళలో నానింది, ఒక్క అంకె చెరగలేదు. అట్ట మీద నేలియా అని నీ అసలు పేరు. నలభై పేజీలు నీ రాత. అన్నీ అంకెలే. తేదీ, పోటు వేళ, గుర్రపుడెక్క పీతలు మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, వాటి డిప్పలకి మీరు గుచ్చే తెల్ల బిళ్ళల నెంబర్లు. వెనక సగం ఖాళీ.

ఖాళీగా ఉంచడానికి మనసొప్పలేదు. అందుకే రాస్తున్నా. నేను నాలుగో క్లాసు దాటలేదని నీకు తెలుసు. తప్పులుంటే నవ్వుకో. ఈ కాగితం మీద పెన్ను నడవదు. నీ పెన్సిలే ఉంది, స్పైరల్లో గుచ్చి. చివర కొరికేశావు. ఆ పంటిగాట్లు చూస్తూ కూచున్నా. పొయ్యి మీద కేల్ ఆకు సూప్ మాడిపోయింది.

మే 5

పుస్తకమంతా చూశాను. ఒకే ఒక్కచోట అంకె కాకుండా మాట ఉంది. కిందటేడు మేలో. నెంబరు పక్కన "వవో" అని రాశావు. చాలా పెద్ద ఆడది, ఎడమవైపు డిప్ప అంచు కొరికినట్టు విరిగిపోయింది, వీపు మీద గుల్లలు, నడక అచ్చం వవో నడకే అని.

నువ్వు వవో అని పిలిచే అమ్మమ్మ, మా అమ్మ నడక. నల్లబట్టల్లో చర్చి పూజ నుంచి వస్తూ, దారికి అడ్డంగా, ఎవరికీ తోవ ఇవ్వకుండా. నవ్వొచ్చింది. పదకొండు నెలల్లో మొదటిసారి. సిగ్గేసి కుళాయి తిప్పాను, శబ్దం కోసం.

రాయాలి కాబట్టి రాస్తున్నా, ఒక్కసారే. ఆ ముందురోజు సాయంత్రం నువ్వూ మీ నాన్నా బల్ల దగ్గర మాటామాటా అనుకున్నారు. నువ్వు హెరిక్ పాయింట్లో లెక్కపెట్టే పీతల్నే ఆయన నాలుగు ముక్కలు చేసి సముద్రపు నత్తల బోనుల్లో ఎర పెడతాడు. నువ్వు అది తప్పన్నావు. ఆయన ఏమన్నాడో నీకు గుర్తుంటుంది. నీ షుగరు సూదులు కొన్నది ఆ ఎరేనే అన్నాడు. నువ్వు కంచం సగంలో వదిలి లేచిపోయావు.

తెల్లారి ఆయన తినకుండా పడవకి పోయాడు. నువ్వు తినకుండా లెక్కకి పోయావు. నేను కట్టిన సంచీ బల్లమీదే ఉంది. రొట్టెలో పంది మాంసపు లింగీసా, గుడ్డు. పదింటికి మీ నాన్న వచ్చి ఆకలేసి ఆ సంచీ మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మీద కొట్టాను. అది దానిది, వచ్చి తింటుంది అన్నాను. పదకొండింటికి ఫోన్ వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు పొగమంచులో కారు రోడ్డు దిగి ఉప్పు కయ్యలో పడింది.

తినక షుగరు పడిపోయి ఉండొచ్చు అన్నాడు డాక్టరు. ఉండొచ్చు. ఆ ఒక్క మాట మీదే బతుకుతున్నా. అప్పట్నించి మీ నాన్నతో బల్ల దగ్గర కూచోలేదు. ఆయన కంచం ఆయనకి పెడతా, నేను సింకు దగ్గర నిలబడి తింటా. తింటే.

సంచీ ఫ్రీజర్లో ఉంది. బఠానీల వెనక.

మే 8

ఎల్లుండి అమావాస్య, పీతలు ఒడ్డుకొచ్చే పోటు. మీ నాన్న గోడకి కొట్టిన పోటు పట్టికలో చూశా. పొద్దున 8:20.

మే 10

వెళ్ళాను.

చేపల షెడ్డులో షిఫ్టు మార్చుకుని, బస్సు ఆఖరి స్టాపులో దిగి, అరగంట నడిచాను. పొగమంచు. రోడ్డుకి రెండువైపులా ఉప్పుగడ్డి ఉందని వాసనే చెప్పింది, కంటికి కనపడలేదు. నీ కారు పడ్డ మలుపు దగ్గర తల తిప్పలేదు. కాళ్ళు వాటంతటవే గబగబా నడిచాయి.

హెరిక్ పాయింట్ ఇంత చిన్నదా. ఆరు కార్లు పట్టే చోటు, ఒక ఆకుపచ్చ షెడ్డు, గుంజకి మేకు కొట్టిన, లెక్క కాగితాల రేకు పెట్టె, ఇసకలో పిట్టలు గుడ్లు పెట్టుకునే చోట తాడు. ఎండ ఉంటే అటువైపు ఊళ్ళో ఫ్యాక్టరీ గొట్టాలు కనపడతాయన్నావు. ఇవ్వాళ ఊరే లేదు. న్యూ బెడ్‌ఫోర్డ్ మొత్తాన్ని ఎవరో మడతపెట్టి పెట్టెలో దాచేసినట్టుంది.

అక్కడ లెక్క నడిపించే పెద్దావిడ విన్నీ. సన్నగా, మగవాళ్ళ టోపీ, కళ్ళద్దాలకి తాడు. నన్ను చూసి, టాయిలెట్ కోసమా పిట్టల కోసమా అంది. పీతల కోసం అన్నాను. నా బూట్లకేసి చూసింది. చేపల షెడ్డువా అంది. అవునన్నాను. ఇక్కడున్న బూట్లన్నిట్లో ఇవే మేలైనవి, మీరు పోయేటప్పుడు వీలునామాలో నా పేరు రాయండి అంది. ఆవిడకి డెబ్భై పైనే ఉంటాయి. నవ్వకుండా అనేస్తుంది ఏదైనా.

ఎనిమిదిన్నరకి పోటు నిండింది. అల లేదు. నీళ్ళు చప్పుడు లేకుండా ఇసక మీదికి పాకాయి, నిద్దట్లో పిల్ల కాలు చాపినట్టు. ఆ నీళ్ళలోంచి రాళ్ళు లేచి నడవడం మొదలెట్టాయి.

పిపోకా, నేను ఇరవయ్యారేళ్ళుగా వాటిని చూస్తున్నాను. తొట్టెల్లో, గోనెల కింద, కత్తిపీట మీద. నడవడం చూడలేదు. గుర్రపుడెక్కంత ఒకటి, వాషింగ్ బేసిన్ అంత ఒకటి, దాని వెనక చిన్న మగది అంటుకుని. వాటికి తొందర లేదు. మనుషులు పుట్టకముందు నించీ ఇదే నడక అన్నావు కదా. ఆ నడక చూస్తుంటే అట్లాగే ఉంది. మనం ఇప్పుడే వచ్చాం, వాటికి మన సంగతి ఇంకా తెలీదు.

ఒకటి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. వంగి సూదిలా పొడుగ్గా ఉన్న తోక పట్టి లేపాను. వెనకనించి విన్నీ, తోక వదలండి అంది. గట్టిగా అనలేదు, కానీ అక్కడున్న ముసలి దంపతులిద్దరూ కూడా తిరిగి చూశారు. తిరగబడితే లేవడానికి దానికి ఉన్నది ఆ తోకే, అది బెణికితే ఇంక అది అక్కడే ఎండిపోవడమే అంది. రెండు చేతులా డిప్ప అంచులు పట్టుకోవాలి, పసిపిల్లకి నీళ్ళు పోసేటప్పుడు పట్టుకున్నట్టు, అని నా చేతులు తీసి పెట్టి చూపించింది.

తరవాత అడిగింది. ఎరవాళ్ళే అలా తోక పట్టి ఎత్తేది, మీ ఇంట్లో ఎవరన్నా ఉన్నారా ఆ పనిలో అని.

లేరన్నాను.

పిల్లలా అంది.

లేరన్నాను.

రెండుసార్లు. చర్చిలో చదివే పేతురు, ఏసుని ఎరగనని మూడుసార్లు బొంకినవాడు, గుర్తొచ్చాడు. ఆయనకి కోడి కూసింది. నాకు మంచులో ఎక్కడో పడవ హారన్ కొట్టింది.

నూట నలభై మగవి, ముప్ఫయ్యొక్క ఆడవి. వవో రాలేదు.

మే 11

రెండుసార్లు కడిగినా చేతులకి నువ్వు లెక్కకి వేసుకెళ్ళే కోటు వాసనే.

మే 12

మదర్స్ డే. మీ నాన్న ఎర్ర కార్నేషన్లు తెచ్చి వాషింగ్ మెషీన్ మీద పెట్టి పోయాడు. చేతికిచ్చే ధైర్యం లేదు. అక్కడయితే ఎలాగూ చూస్తానని.

మీ అత్త గ్రాసా ఫోన్. వదినా, నువ్వు చీపురుపుల్లలా అయ్యావని షెడ్డులో అందరూ అంటున్నారు, మా అన్నయ్య చూస్తే బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడుచుకున్నాడు, ఒక ఇంట్లో ఇద్దరూ ఉపవాసాలేంటి, దేవుడేమన్నా అడిగాడా మిమ్మల్ని అంది. పొయ్యి మీద పాలున్నాయని పెట్టేశాను. పాలు లేవు.

మే 19

పరిశుద్ధాత్మ పండగ. హాల్లో పెద్ద గుండిగలు. మాంసం, క్యాబేజీ, అడుగున రొట్టె, పైన పుదీనా. నీకు తెలియందేముంది, కిందటేడు మోచేతుల దాకా సబ్బుతో కంచాలు కడిగింది నువ్వే. ఎవరొచ్చినా గిన్నె నింపుతారు, నువ్వెవరని అడగరు. అదే ఆ పండగ.

నేను వెళ్ళలేదు. మీ నాన్న మూతగిన్నెలో తెచ్చాడు. తనది తీసుకుని వెనక మెట్ల మీద నిలబడి తిన్నాడు. నేను సింకు దగ్గర. ఒకే సూప్, ఒకే గోడ, చెరోవైపు. ఆయన చెంచా చప్పుడు వినపడుతూనే ఉంది. పుదీనా ఆకు తీసి నమిలాను. మిగతాది మూతపెట్టాను.

మే 25

పున్నమి. ఎండ. ఇవ్వాళ ఊరు కనపడింది, గొట్టాలతో సహా.

విన్నీ నా పక్కనే నడిచింది. నేను డిప్ప అంచులు పట్టుకుని తిప్పుతుంటే, ఆవిడ పలక మీద రాసుకుంటూ మాట్లాడింది. ఇక్కడికి ఒక పోర్చుగీసు అమ్మాయి వచ్చేది అంది. పీతలతో మాట్లాడేది, తప్పుకో తల్లీ, నీ కాలు చూసుకో తల్లీ అని. పాట మొదలుపెడితే సగమే వచ్చు, ఆ సగమే పొద్దుగూకులూ. రోజూ వాళ్ళమ్మ కట్టిన సంచీ తెచ్చి అందరికీ పంచేది. రెండేళ్ళు వాళ్ళమ్మ రొట్టె తిన్నాం మేము, అప్పట్లో ఆవిడెవరో ఎరగం, దండం పెట్టుకోవాలి ఆ చేతికి అంది.

నేను పీతని తిప్పాను. ఇంకోదాన్ని తిప్పాను. చేతులు నీళ్ళలోంచి తియ్యలేదు.

అప్పుడు విన్నీ ఆగి, మళ్ళీ వచ్చాడు అంది. పాయింట్ కొసన, లోపలికి రాకుండా, ఆకుపచ్చ పడవ. పోయినేడు నించీ వస్తున్నాడట. ఇంజను ఆపి ఒక పావుగంట ఏదో చేసి పోతాడు. ఇక్కడి పీతల్ని పట్టుకుపోతున్నాడు, ఎరకి. ఇక్కడ పట్టకూడదు, ఈసారి నెంబరు రాసుకుని తీరం కాపలా వార్డెన్‌కి ఫోన్ చేస్తాను, మీ కళ్ళు మంచివి, చదివి చెప్పండి అంది.

ఆ నెంబరు నేను వేసింది. నీకు ఆరేళ్ళప్పుడు, మీ నాన్న పడవకి రెండోసారి రంగు వేస్తుంటే, అంకెలు నేను దిద్దాను. మూడో అంకె కొంచెం వంకర.

ఎండ కళ్ళలో పడుతోంది, కనపట్టం లేదన్నాను.

మూడోసారి.

మే 26

నువ్వు లెక్కపెట్టిన చోటే. అన్ని మైళ్ళ సముద్రం ఉంది, నువ్వు నడిచిన ఇసక దగ్గరికే వచ్చాడు.

మే 28

మీ నాన్న నిద్రపోతుంటే వెనక వరండాలో తొట్టెలు తిరగేశాను. మధ్యాన్నం. తడి గోనె తీసి ఒక్కొక్కటీ అంచులు పట్టి ఎత్తి చూశాను. నూటపన్నెండు. ఒక్కదానికి కూడా తెల్ల బిళ్ళ లేదు.

కిందటేడు ఎన్నిటికో వేశారు మీరు. ఒక్కటన్నా రాదా. బిళ్ళలు పీకి పారేస్తున్నాడనుకున్నాను. సాక్ష్యం లేకుండా.

తలెత్తేసరికి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, మేజోళ్ళతో. ఏం వెతుకుతున్నావన్నాడు. నీకు తెలుసు అన్నాను. ఆ, తెలుసు అన్నాడు. గోనె నీళ్ళలో ముంచి, పిండకుండా, వాటి మీద కప్పి లోపలికి పోయాడు.

జూన్ 2

కలలో వవో వచ్చింది. పీతా, మా అమ్మా, తెలీలేదు. నల్లగా, వెడల్పుగా, వంటింట్లోకి నడిచొచ్చి ఫ్రీజరు ముందు ఆగింది. నీళ్ళు బల్లకాళ్ళ దాకా ఉన్నాయి. ఎవరికీ ఆశ్చర్యం లేదు.

జూన్ 5

నువ్వు పోయి ఏడాది. పూజకి వెళ్ళాం. ఒకే బెంచీ. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఇద్దరం ఆ ఖాళీ వైపు జరగలేదు, దాన్నించి దూరం జరగలేదు.

జూన్ 8, పొద్దున, షెడ్డు మెట్ల మీద

చెయ్యి ఆగేలోపు రాసెయ్యాలి.

అమావాస్య పోటు. పల్చటి మంచు, పాలలో నీళ్ళు కలిసినట్టు. విన్నీ ఈసారి దుర్భిణి తెచ్చింది. వార్డెన్ నెంబరు రాసిన కార్డు టోపీ పట్టీలో గుచ్చుకుంది. పడవ వచ్చింది. ఆకుపచ్చ. విన్నీ ఒకసారి చూసి, నా కళ్ళకి చెమ్మ, మీరే చదవండి అని దుర్భిణి నా చేతిలో పెట్టింది.

చదివేద్దామనే తీసుకున్నాను. నిజం చెప్తున్నా. వంకర అంకెతో సహా చదివి, పోయి చెప్పండి అనేద్దామనుకున్నాను.

ఆయన ఇంజను ఆపాడు. తొట్టెలోకి వంగాడు. పైకి లేచేసరికి చేతుల్లో పీత. రెండు చేతుల్లో. డిప్ప అంచులు పట్టుకుని. పడవ పక్కకి వంగి దాన్ని నీళ్ళలో దించి, వెంటనే వదల్లేదు. కాసేపు పట్టుకునే ఉన్నాడు, అది కాళ్ళు ఆడించేదాకా. అప్పుడు వదిలాడు. ఇంకోటి తీశాడు. దాని డిప్ప మీద తెల్లగా ఒక చుక్క మెరిసింది. మూడోది. దానికీ చుక్క.

ఇరవయ్యారేళ్ళలో ఆ మనిషి పీతని తోక తప్ప ఇంకోచోట పట్టుకోవడం చూడలేదు. ఎవరు నేర్పారు. నేను ఇంట్లో లేనప్పుడు ఎప్పుడో ఆ వరండాలో నువ్వే నేర్పి ఉంటావు. ఆయన ఊఁ ఊఁ అంటూ విననట్టే విని ఉంటాడు.

దుర్భిణి దించి చెప్పాను. ఆ పడవ మా ఆయనది. సెరాఫిం. నేలియా నాన్న. నేను నేలియా అమ్మని. ఆయన పట్టుకుపోవటం లేదు, తెచ్చి వదుల్తున్నాడు. ఫోన్ చెయ్యొద్దు.

విన్నీ కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుంది. నువ్వెవరో మొదటిరోజే తెలుసు అంది. దాని అంత్యక్రియలప్పుడు చర్చిలో ఆఖరి వరసలో నిలబడ్డాను నేను, ఆ గడ్డం ఆ పిల్లదే, నువ్వు చెప్పినప్పుడే చెప్తావులే అని ఊరుకున్నా అంది. ఆ పడవలో ఆయనెవరో మాత్రం తెలీదు, ఏడాదిగా తిట్టుకుంటున్నా మనిషిని, అని కార్డు తీసి జేబులో కుక్కేసింది.

ఇసక మీదే కూలబడ్డాం ఇద్దరం. అడిగాను. ఆ రోజు అది ఏమన్నా తిన్నదా.

నా గుడ్డు శాండ్‌విచ్‌లో సగం అంది. మిగతా సగం కూడా తినవే అంటే చాలు అందట. మీ అమ్మ సంచీ ఏదే, మా అందరి టిఫినూ పోయింది ఇవ్వాళ, అని వీళ్ళు ఏడిపిస్తే, కావాలనే బల్లమీద వదిలొచ్చా అని నవ్విందట. మా నాన్నకి కోపమొస్తే తిండి మానేసి పడవెక్కుతాడు, పదింటికి ఇంటికొస్తాడు, బల్లమీద సంచీ ఉంటే తింటాడు, అది నాదని తెలిస్తే ఇంకా తొందరగా తింటాడు, అందట.

ఆయన కోసం.

ఆయన చెయ్యి వేశాడు. నేను కొట్టాను.

సగం సరిపోయిందో లేదో విన్నీకి తెలీదు. డాక్టరుకి తెలీదు. నాకూ ఇంక తెలీదు. ఏడాదిగా తెలుసనుకున్నాను.

పడవ పోయింది. నీళ్ళు మళ్ళీ నునుపుగా అయిపోయాయి.

జూన్ 8, సాయంత్రం

సంచీ బయటికి తీశాను. రొట్టె మెత్తబడేదాకా బల్ల దగ్గరే కూచున్నా, దాన్ని కాపలా కాస్తున్నట్టు. పెనం మీద కొంచెం వేడి చేశాను. కంచంలో పెట్టి ఆయన ముందు పెట్టాను.

సంచీ గుర్తుపట్టాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏంటిది ఇదాలినా అన్నాడు. నీకే అన్నాను. అది నీకే వదిలి వెళ్ళింది, నేను తిననివ్వలేదు. విన్నీ చెప్పిందంతా చెప్పాను. పీతల సంగతి చూశానని కూడా చెప్పాను.

చాలాసేపు తినలేదు. తరవాత తిన్నాడు. అంతా తిన్నాడు. ఐస్ వాసన వస్తూనే ఉంది, బల్లకి ఇవతల నాకూ వచ్చింది. నమిలి నమిలి మింగాడు, మధ్యలో ఒకసారి ఆగి, ఉప్పెక్కువేశావు అన్నాడు. అప్పుడు లింగీసా అలా వచ్చింది అన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

కాగితానికి అంటుకున్న ముక్క నేను గీకి తిన్నాను. కుర్చీలో కూచునే.

జూన్ 9

మీ నాన్న చెప్పాడు. ముక్కలు ముక్కలుగా, వల బాగు చేసుకుంటూ.

పోయినేడు జూలైలో ఎర తొట్టె కొంటే అందులో ఒకదానికి బిళ్ళ ఉందట. కత్తి ఎత్తాడు, దించలేకపోయాడు. అప్పట్నించి ఎర ఇంటికి రాగానే ముందు ఒక్కొక్కటీ ఏరతాడు. బిళ్ళ ఉన్నవి పక్కన పెట్టి, పోటు వేళకి పాయింట్ దగ్గర వదుల్తాడు. పదిహేడు ఇప్పటికి. అందుకే నాకు తొట్టెల్లో దొరకలేదు. నాకెందుకు చెప్పలేదంటే, ఇప్పుడా నీకు బుద్ధొచ్చింది అంటావని భయమేసింది అన్నాడు. అనేదాన్నే.

మిగతావి కోస్తాడు. రేపు కూడా కోస్తాడు. అది మా తిండి. నేను మానమనలేదు, నువ్వు మానమన్నావని గుర్తుంది. రెండూ ఈ ఇంట్లోనే ఉంటాయి.

ఒకటి చెప్పాడు. ఈ ఏప్రిల్లో ఒకటి వచ్చిందట, రెండు చేతులూ చాలనంత పెద్దది, ఎడమ అంచు విరిగి, వీపంతా గుల్లలు. దాన్ని నీళ్ళలో దించినప్పుడు వెంటనే పోలేదట. పడవ కిందే తిరిగింది. నెంబరు చూశావా అన్నాను. నెంబరు చూళ్ళేదు, బరువు గుర్తుంది, మీ అమ్మంత బరువు అన్నాడు.

జూన్ 22

ఇద్దరం వెళ్ళాం. ఆయన ట్రక్కులో. ఆ మలుపు దగ్గర ఆపాడు. దిగలేదు. ఇంజను ఆపి కూచున్నాం. ఉప్పుగడ్డి పచ్చగా, నీ నడుం ఎత్తు ఉంది. మళ్ళీ స్టార్ట్ చేశాడు.

పండగ గుండిగ గ్రాసా దగ్గర అడిగి తెచ్చాను. సూప్ షెడ్డులో పెట్టి, లెక్కకి ముందే అందరికీ గిన్నెలు నింపాను. తినందే ఎవర్నీ నీళ్ళలోకి దిగనివ్వలేదు. పోటు దాటిపోతుందని ముసలాయన గోల. పోటు ఎక్కడికీ పోదు, నాలుగు గరిటెలు తాగి వెళ్ళు అన్నాను. విన్నీ రెండు గిన్నెలు తాగి, రెండేళ్ళు రొట్టె పెట్టిన చెయ్యి దొరికింది అని నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అందులో ఏం చూసిందో.

మీ నాన్న ట్రక్కు దిగకుండా కూచుంటే తనే వెళ్ళింది. నీ మీద వార్డెన్‌కి ఫోన్ చెయ్యబోయాను తెలుసా అంది. చెయ్యాల్సింది, వాడికీ నాకూ ఒకే కాఫీ హోటలు, అక్కడే తేల్చుకునేవాళ్ళం అన్నాడు. ఆవిడ ట్రక్కు తలుపు తీసి పట్టుకుంది, అతిథికి తీసినట్టు. అప్పుడు దిగాడు.

వవో సంగతి రాయమన్నాను. నెంబరు లేకపోతే లెక్కలోకి రాదమ్మా, ఎవరి అమ్మయినా సరే అంది విన్నీ. అందుకని ఇక్కడ రాస్తున్నా. వవో. ఏప్రిల్. చూసినవాడు సెరాఫిం. బతికే ఉంది.

జూన్ 23

ఈ పుస్తకం ఇంక పాయింట్ దగ్గర రేకు పెట్టెలోనే ఉంటుంది. ముందు సగం మా పిల్ల లెక్క. మధ్యలో నేను. ఆఖరి పేజీలు ఖాళీ, ఇక్కడ లెక్కకి వచ్చే మీ కోసం. పెన్సిలు చివర కొరికి ఉంటుంది, మార్చొద్దు.

మీరెవరో నాకు తెలీదు. తెలియక్కర్లేదు. పెట్టె పక్కన సంచీలో రొట్టె ఉంది, పొద్దున చేసింది. పీతలు వస్తాయి, కంగారు లేదు. ముందు కూచుని, కడుపునిండా తినండి.